విదేశీ వలస ప్రదర్శనలు: వెళ్ళవలసినది ఎవరు, ఎప్పుడు?

రాజపాళయంలోని తెలుగు కుటుంబాలకు వలస కొత్త మాట కాదు. కొందరి పూర్వీకులు శతాబ్దాల క్రితమే తెలుగు నేల విడిచి, ఈ పడమటి కనుమల పాదానికి వచ్చి స్థిరపడ్డారు. మరికొందరు నూలు మిల్లులలో, వ్యాపారాలలో బ్రతుకుతెరువు వెతుక్కుంటూ ఇటీవలి తరాలలో చేరారు. ఇంటిలో తెలుగు, బడిలోనూ వీధిలోనూ తమిళం, ఉద్యోగ దరఖాస్తులో ఇంగ్లీషు: ఈ మూడింటి మధ్య పెరిగిన పిల్లలు ఇప్పుడు నాలుగో భాష వైపు, జర్మన్ వైపో జపనీస్ వైపో చూస్తున్నారు.

ఆ చూపును గమనించేవారు లేకపోలేదు. మదురై, కోయంబత్తూరు, చెన్నై నగరాల హోటళ్ళలోనూ ప్రదర్శనశాలలలోనూ విదేశీ విద్యకు, ఉద్యోగానికి, శాశ్వత నివాసానికి సంబంధించిన ఎక్స్‌పోలు తరచుగా జరుగుతున్నాయి. ప్రవేశం సాధారణంగా ఉచితం. ఒకే కప్పు కింద పది దేశాల జెండాలు, నవ్వుతూ పలకరించే ప్రతినిధులు, రంగురంగుల కరపత్రాలు కనిపిస్తాయి. విదేశ ప్రయాణం గురించి ఆలోచిస్తున్న కుటుంబం అటువంటి చోటికి వెళ్ళడం వలన మేలు కలుగుతుందా?

ఇంటి దగ్గర సగం పని ముగించుకొని, కాగితం జవాబు చెప్పలేని ప్రశ్నలతో వెళ్ళేవారికి ఆ ఒక్క రోజు విలువైనదే. ఏ దేశమో, ఏ పనో తేల్చుకోకుండా ‘చూసి వద్దాం’ అని బయలుదేరేవారికి మాత్రం నష్టం కలిగే అవకాశమే ఎక్కువ. ఆ నష్టం రైలు ఖర్చుతో ఆగకపోవచ్చు. ఇంటిలోని ఆడవారి నగలు కుదువకు వెళ్ళేదాకా సాగవచ్చు. ఈ పాఠం ఆ రెండు రకాల ప్రయాణాల మధ్య తేడాను వివరిస్తుంది.

స్టాలు అద్దె ఎవరు కడతారు?

ఏ ప్రదర్శననైనా అర్థం చేసుకోవడానికి ముందుగా ఒక చిన్న విషయం తెలుసుకోవాలి. లోపలికి వచ్చినవారు డబ్బు కట్టనప్పుడు హాలు అద్దె, దీపాల ఖర్చు, కరపత్రాల అచ్చు ఖర్చు ఎవరు భరిస్తున్నారు? స్టాలు తీసుకున్నవారు భరిస్తున్నారు. వారు ఆ ఖర్చును తిరిగి రాబట్టుకోవాలి. అందులో తప్పు లేదు. సంతలో గంపలు దించుకున్నవారూ చేసేది అదే. అయితే సంతకు వెళ్ళే ఇల్లాలికి ఎదుటి మనిషి ఏమి అమ్ముతున్నాడో తెలుసు. వలస ప్రదర్శనలో అది అంత తేటగా కనబడదు.

విదేశీ విద్య స్టాళ్ళ సంగతి చూద్దాం. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా దేశాలలోని అనేక విద్యాసంస్థలు తమకు విద్యార్థిని పంపిన ఏజెంటుకు మొదటి సంవత్సరపు రుసుములో కొంత భాగం కమిషనుగా ఇస్తాయి. అందువలన సలహా ఉచితంగా దొరుకుతుంది. ఆ సలహా అబద్ధం కానక్కరలేదు, కాని దానికి ఒక అంచు ఉంటుంది. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు బోధనా రుసుము తీసుకోవు. రుసుమే లేనిచోట కమిషను ఎక్కడి నుంచి వస్తుంది? కమిషనుతో నడిచే స్టాలులో జర్మనీ పేరు ఎత్తగానే ప్రైవేటు కళాశాలల పేర్లు ముందుగా వినిపించడంలో ఆశ్చర్యం లేదు. అక్కడ చెప్పిన మాటకన్నా చెప్పకుండా ఉండిపోయిన మాట విలువైనది కావచ్చు.

శాశ్వత నివాసపు సలహాదారుల లెక్క వేరు. వారి ఆదాయం దరఖాస్తుదారు చెల్లించే రుసుము. ‘ఉచిత అర్హత పరీక్ష’ అన్న బల్ల దగ్గర కూర్చున్నవారిలో ‘మీకు అర్హత లేదు’ అన్న మాట విని లేచేవారు అరుదు. ‘ఈ రోజే చేరితే రాయితీ’ అన్న మాట వినిపిస్తే కుర్చీ వెనక్కి జరపడం మంచిది. ఏ దేశపు వీసా నిబంధనా హోటలు హాలు మూసే వేళకు ముగిసిపోదు.

ఉద్యోగాల కోసం మనుషులను ఎంపిక చేసే మేళాలు మూడో రకం. వాటికి మన దేశంలో ప్రత్యేకమైన చట్టం ఉంది. దాని సంగతి తరువాత వస్తుంది.

నాలుగో రకం అన్నిటికన్నా తక్కువ హడావుడితో జరుగుతుంది. అమెరికా ప్రభుత్వపు ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ, బ్రిటన్‌కు చెందిన బ్రిటిష్ కౌన్సిల్ చెన్నై, హైదరాబాదు వంటి నగరాలలో విద్యా మేళాలు నిర్వహిస్తాయి. వీటిలో విశ్వవిద్యాలయాల ఉద్యోగులు స్వయంగా కూర్చుంటారు. ప్రచారం ఇక్కడా ఉంటుంది. ఏ కళాశాల ప్రతినిధీ తన కళాశాలను తక్కువ చేసి చెప్పడు. అయినా మధ్యవర్తి లేకపోవడం పెద్ద సౌకర్యం.

ఇతర దేశాలలో ఈ ఏర్పాట్లు ఎలా ఉన్నాయో చూడడం ఆసక్తికరం. నెదర్లాండ్స్‌లోని హౌటెన్ పట్టణపు వలస ప్రదర్శనకు డచ్చివారు టికెట్ కొనుక్కొని వెళుతూ వచ్చారు. పారిస్‌లో కెనడా రాయబార కార్యాలయం నిర్వహించే ‘డెస్టినేషన్ కెనడా’ సమావేశం ఉచితమే, కాని ముందుగా తమ వివరాలు పంపి ఎంపికైనవారికే ఆహ్వానం అందుతుంది. ఒకచోట డబ్బు, మరొకచోట అర్హత ద్వారపాలకులుగా నిలిచాయి. ఏ ద్వారపాలకుడూ లేని హాలులో ప్రవేశించగానే పేరు, ఫోను నంబరు రాయించుకుంటారు. ఆ రోజు అక్కడ చేతులు మారే మొదటి సరుకు అదే.

మేస్త్రీ, కంగాణీ, బంధువు

‘ఈ ఎక్స్‌పోలు మనకెందుకు? మన మనిషి అక్కడ ఉన్నాడు, అతడే అన్నీ చూసుకుంటాడు’ అనేవారు రాజపాళయంలో చాలామంది. ఈ మాటలో కొంత వివేకం ఉంది, కొంత ప్రమాదమూ ఉంది. తెలుగువారి వలస చరిత్ర ఆ రెండింటినీ చూపుతుంది.

పందొమ్మిదో శతాబ్దపు చివరి దశకాల నుంచి గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాల కూలీలు వేల సంఖ్యలో కాకినాడ, విశాఖపట్నం రేవుల మీదుగా బర్మాకు వెళ్ళారు. రంగూన్‌ను వారు రంగం అన్నారు. వారిని తీసుకువెళ్ళినవాడు మేస్త్రీ. అతడు పరాయివాడు కాదు. సొంత భాషవాడు, తరచుగా సొంత ఊరివాడే. ఓడ ఖర్చుకు, ఇంటి ఖర్చుకు ముందుగా డబ్బు ఇచ్చి, దానిని రంగంలో కూలీ నుంచి కోసుకొనేవాడు. అతడు చెప్పినదంతా అబద్ధం కాదు. రంగంలో పని నిజంగానే ఉండేది, కూలీ ఇక్కడికన్నా ఎక్కువే. కాని బాకీ ఎప్పటికి తీరుతుంది, చేతికి వచ్చేది ఎంత అన్న లెక్క ఓడ ఎక్కిన తరువాతే తెలిసేది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకు, వారి సమ్మె కాలంలో పనికి పెట్టుకున్న బర్మీయులకు మధ్య ఘర్షణ చెలరేగి అనేకమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ అవకాశం గురించి రేవు దగ్గర ఎవరు చెప్పగలిగేవారు?

దక్షిణాన మేస్త్రీ స్థానంలో కంగాణీ ఉండేవాడు. సింహళపు తేయాకు తోటలకు మనుషులను సమకూర్చినది అతడే. నేడు విరుదునగర్ జిల్లాలో ఉన్న రాజపాళయం అప్పటి రామనాథపురం జిల్లాలోనిది. సింహళానికి వెళ్ళే కూలీలను ఆపి పరీక్షించిన మండపం శిబిరం కూడా ఆ జిల్లా తీరాననే ఉండేది. ఆ రోజులలో ఎక్స్‌పో అంటే సొంత ఊరికి మంచి పంచె కట్టుకొని తిరిగివచ్చిన కంగాణీయే.

ఈ ఆకర్షణకు లోనైనవారు పేదలు, చదువు రానివారు మాత్రమేనని అనుకోరాదు. 1945లో ఆస్ట్రేలియా ప్రారంభించిన పథకం కింద బ్రిటిష్ పెద్దలు తలకు పది పౌన్లు చెల్లించి సముద్రయానం చేశారు. ప్రచార చిత్రాలలో ఎండ, సముద్రతీరం, సొంత ఇల్లు కనిపించేవి. వెళ్ళినవారిలో ఎందరో రేకుల గుడిసెల వసతిగృహాలలో మొదటి నెలలు గడిపారు. రెండేళ్ళు నిండకముందే తిరిగిపోదలచినవారు ప్రభుత్వం భరించిన ప్రయాణ ఖర్చును కట్టవలసి వచ్చేది. ఆ షరతు దాచిపెట్టినది కాదు. చిత్రంలోని ఎండ దానికన్నా ముందు కంటబడింది, అంతే.

ఇక మన కాలానికి వద్దాం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయాన్ని అమెరికా అధికారులు మూసివేశారు. విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారే ఎక్కువ. కొందరి కాళ్ళకు నిఘా పట్టీలు తగిలించిన సంగతి అప్పట్లో పెద్ద దుమారం రేపింది. కొత్త విద్యార్థిని చేర్చిన పాత విద్యార్థికి రుసుములో వాటా ఇచ్చే పద్ధతి ఆ సంస్థలో నడిచింది. 2014లో దాని స్థాపకురాలికి పదహారేళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం కథ బయటపడింది. అది అధికారులే వల పన్ని నడిపిన బూటకపు సంస్థ. విద్యార్థులను చేర్పించారన్న ఆరోపణపై ఎనిమిదిమందిని అరెస్టు చేశారు. వారూ, చేరినవారిలో పెక్కుమందీ తెలుగువారే.

ఈ రెండు ఉదంతాలలోనూ విద్యార్థులను తీసుకువెళ్ళినది రంగుల హాలు కాదు. స్నేహితుడు, పరిచయస్థుడు, ‘మనవాడు’. అందుచేత ఎక్స్‌పోను మాత్రమే అనుమానించి బంధువు మాటను కళ్ళు మూసుకొని నమ్మడం తెలివైన పని కాదు. బంధువుకు దురుద్దేశం లేకపోవచ్చు. కాని అతడు వెళ్ళినది పదేళ్ళ క్రితపు నిబంధనలతో; అతనికి తెలిసినది ఒక్క ఊరు, ఒక్క కంపెనీ. ప్రదర్శనలో కనీసం నాలుగు నోళ్ళు ఒకేచోట దొరుకుతాయి. ఒకే ప్రశ్నను నాలుగు బల్లల దగ్గర అడిగి జవాబులు పోల్చుకోగల వీలు మరెక్కడా లేదు. దాని అసలైన ప్రయోజనం ఇదే.

వార్త పాతబడే వేగం

ప్రదర్శనలో విన్న మాట ఎంతకాలం నిలుస్తుంది? కొన్ని తేదీలు గమనించండి. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో అక్కడి ఉద్యోగ ఆహ్వానపత్రానికి అదనపు పాయింట్లు ఉండేవి. 2025 మార్చి 25 నుంచి అవి రద్దయ్యాయి. ఫిబ్రవరిలో జరిగిన సమావేశంలో ‘ఉత్తరం సంపాదించి పెడతాం, పాయింట్లు వస్తాయి’ అన్న మాట విని డబ్బు కట్టినవారికి ఏప్రిల్ నాటికి ఆ ఉత్తరం వలన పాయింట్లు లేవు. బ్రిటన్ వృద్ధుల సంరక్షణ ఉద్యోగాలకు విదేశాల నుంచి కొత్తవారిని తీసుకోవడాన్ని 2025 జూలై 22న ఆపివేసింది. ఆస్ట్రేలియా విద్యార్థి వీసా దరఖాస్తు రుసుము 710 డాలర్లు ఉండేది. 2024 జూలై 1న 1,600కు, మరుసటి ఏడాది అదే రోజున 2,000కు పెరిగింది.

మంచి వార్తకూ ఇదే వర్తిస్తుంది. 2024 అక్టోబరులో జర్మనీ భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాల సంఖ్యను 20,000 నుంచి 90,000కు పెంచుతున్నట్లు ప్రకటించింది. ఇటువంటి వార్త వెలువడగానే కొత్త స్టాళ్ళు, కొత్త భాషా తరగతులు మొలుస్తాయి. వీసాల సంఖ్య పెరిగినంత మాత్రాన భాషా పరీక్ష తగ్గదు; నర్సుగా గుర్తింపు పొందాలంటే జర్మన్ నేర్చుకోక తప్పదు.

కనుక కరపత్రం చేతికి రాగానే చూడవలసినది దానిపై అచ్చయిన తేదీ. తేదీ లేని కరపత్రం బజ్జీలు పొట్లం కట్టడానికి పనికివస్తుంది. రుసుము, వయసు, పాయింట్లు, బ్యాంకులో చూపవలసిన మొత్తం: ఇటువంటి అంకెలను ఆయా ప్రభుత్వాల సొంత వెబ్‌సైట్లలోనే చూడాలి.

చట్టం ఎంతవరకు వస్తుంది?

మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉద్యోగం కోసం విదేశానికి వెళ్ళేవారికి వర్తిస్తుంది. మనుషులను విదేశీ ఉద్యోగాలకు ఎంపిక చేసే ఏజెంటు కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి. అతని లైసెన్సు నంబరు ఈమైగ్రేట్ వెబ్‌సైటులో వెతికితే కనబడుతుంది. అతడు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలకు మించరాదు. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400 అవుతుంది. రసీదు ఇవ్వాలి. ‘వీసా ఖర్చు, డాక్యుమెంటు ఖర్చు’ అంటూ లక్షలు అడిగేవాడు ఆ పరిధి దాటి మాట్లాడుతున్నాడని అర్థం.

పదో తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టులు సాధారణంగా ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన రకానికి చెందుతాయి. అటువంటివారు గల్ఫ్ దేశాలు, మలేషియా, థాయిలాండ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ అనుమతి పొందాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన వారికి తప్పనిసరి. ప్రమాద మరణానికి పది లక్షల రూపాయల పరిహారం ఇచ్చే ఆ బీమాకు రెండేళ్ళ ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్ళకు 375, పన్ను అదనం. మిల్లులలో చిన్న వయసులోనే పనికి చేరినవారు ఈ భాగాన్ని రెండోసారి చదవడం మంచిది.

తనిఖీ తప్పించడానికి పర్యాటక వీసాపై పంపుతామనే ఏజెంటు దగ్గర ఒక్క క్షణం కూడా నిలబడనక్కరలేదు. 2024లో విశాఖపట్నం పోలీసులు ఛేదించిన కేసులో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా చేరిన యువకులను అక్కడ నిర్బంధించి, వారిచేత మన దేశంవారినే ఫోనులో మోసం చేయించారు.

ఈ చట్టానికి ఒక పెద్ద ఖాళీ ఉంది. అది ఉద్యోగ నియామకానికే పరిమితం. చదువుకు పంపే సలహాదారు, శాశ్వత నివాసపు కాగితాలు నింపే సలహాదారు దాని కిందికి రారు. పంజాబ్ రాష్ట్రం 2012లో ఇటువంటివారికోసం ప్రత్యేక చట్టం చేసింది. అటువంటి చట్టం లేని చోట్ల పరీక్షించే భారం ఎక్కువగా వినియోగదారుపైనే పడుతుంది. గమ్యదేశాల నియమాలు ఇక్కడ కొంత తోడ్పడతాయి: డబ్బు తీసుకొని సలహా ఇచ్చేవారికి కెనడాలో కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్, ఆస్ట్రేలియాలో మారా అనే సంస్థలలో నమోదు ఉంటుంది, న్యాయవాదుల నమోదు వేరు. ఆ జాబితాలు ఎవరైనా చూడవచ్చు.

రాజపాళయం నుంచి ఒక లెక్క

ఒక నూలు మిల్లు సూపర్‌వైజరు ఉన్నాడనుకుందాం. వయసు 34, డిప్లొమా చదివాడు, భార్య, ఆరేళ్ళ కూతురు. చెన్నై నందంబాక్కంలోని ట్రేడ్ సెంటర్‌లో ప్రదర్శన ఉందని విన్నాడు. పొదిగై ఎక్స్‌ప్రెస్‌లో రాత్రికి బయలుదేరితే తెల్లవారేసరికి ఎగ్మూరు. పగలంతా ప్రదర్శన, మళ్ళీ రాత్రి రైలు. ఇద్దరి ప్రయాణం, భోజనం, నగరంలో తిరుగుడు, పోయిన రెండు రోజుల జీతం కలిపితే నాలుగైదు వేలు అవుతాయనుకుందాం. విదేశ ప్రయాణానికి పెట్టబోయే లక్షలలో ఇది చిన్న మొత్తమే. అసలు నష్టం వేరే చోట ఉంది. నాలుగైదు వేలు ఖర్చు పెట్టి వచ్చాం కదా, ఉత్త చేతులతో ఎలా తిరిగి వెళతామన్న మొహమాటం సాయంకాలానికి మనిషిని పట్టుకుంటుంది. ముందస్తు రుసుము రసీదులు ఆ వేళలోనే తెగుతాయి.

ఇదే మనిషి అంతకుముందు మూడు సాయంకాలాలు ఇంటి దగ్గర కూర్చుంటే ఏమి తెలుస్తుంది? ఆస్ట్రేలియా పాయింట్ల ఆధారిత నైపుణ్య వీసాకు ఆహ్వానం అందేనాటికి వయసు 45 నిండకూడదు. 46 ఏళ్ళ బావగారు తోడు వస్తానంటే ఆయన ఆ స్టాలు దగ్గర వరుసలో నిలబడనక్కరలేదు. జర్మనీ గుర్తించే విశ్వవిద్యాలయాలు, పట్టాల జాబితా అనాబిన్ అనే ఉచిత వెబ్‌సైటులో ఉంది. పాస్‌పోర్టులో పేరు, పదో తరగతి ధ్రువపత్రంలో పేరు ఒకేలా ఉన్నాయో లేవో ఇంటి బీరువాయే చెబుతుంది. తండ్రి పేరు మొదటి అక్షరంగా ఒకచోట, పూర్తి పేరుగా మరొకచోట ఉండడం తమిళనాడులో చదివిన తెలుగు పిల్లలకు తరచుగా ఎదురయ్యే చిక్కు. దానిని సరిచేసుకోవడానికి పట్టే సమయం వీసా కోసం నిరీక్షించే సమయానికి అదనం.

ఈ మూడు సాయంకాలాల తరువాత మిగిలిన ప్రశ్నలే ప్రదర్శనకు తీసుకువెళ్ళవలసినవి. ఏ ప్రశ్నా మిగలకపోతే ప్రయాణమే అక్కరలేదు. ముప్ఫై ప్రశ్నలు మిగిలితే ఇంకా నాలుగో సాయంకాలం కూర్చోవాలి.

బల్ల ముందు

ప్రదర్శనకు ఒంటరిగా వెళ్ళడంకన్నా ఇంటిలో డబ్బు విషయం చూసే మనిషిని, వెనుక ఉండిపోబోయే మనిషిని వెంట తీసుకువెళ్ళడం మేలు. చాలా ఇళ్ళలో ఆ ఇద్దరూ ఒకరే: భార్యో, తల్లో. వెళ్ళబోయేవాడు జీతం గురించి అడుగుతాడు. ఉండిపోయేవారు వేరే ప్రశ్న అడుగుతారు. ‘బాబూ, మా అబ్బాయి జబ్బుపడి నెలరోజులు పనికి వెళ్ళలేకపోతే జీతం ఇస్తారా? ఇక్కడ నాకేమైనా అయితే వాడు ఎన్ని రోజులలో రాగలడు, టికెట్ ఎవరు కొనిస్తారు?’ అని ఒక తల్లి అడిగితే, జెండా వెనుక కూర్చున్న యువకుడు కరపత్రం తిరగవేసి చూస్తాడు. అందులో జవాబు ఉండదు. ఒప్పందపత్రంలో ఉండాలి. ‘అయితే ఒప్పందపత్రం నమూనా చూపించండి’ అన్నది తరువాతి మాట. నమూనా చూపగలిగినవాడితో మాట్లాడవచ్చు.

ఉద్యోగ ఏజెంటును అడగవలసినవి ఇంకా ఉన్నాయి. జీతం ఏ ద్రవ్యంలో, వసతికీ భోజనానికీ ఎంత కోత, అదనపు గంటలకు ఎంత, మొదటి ఆరునెలలలో పని పోతే తిరుగు ప్రయాణం ఎవరిది అన్నవి మొదటివి. ఆ తరువాత, వారి ద్వారా వెళ్ళి తిరిగివచ్చిన ఒక మనిషితో మాట్లాడాలని కోరాలి. అక్కడ ఉన్నవారి నంబరు ఎవరైనా ఇస్తారు. అక్కడ ఉన్నవాడు ఏజెంటును నొప్పించలేడు, ఇంటివారికి బెంగ కలిగించలేడు. తిరిగివచ్చినవాడికి ఆ రెండు బంధాలూ లేవు.

విద్యాసంస్థ ప్రతినిధి దగ్గర గది అద్దె గురించి అడగాలి. బోధనా రుసుము కరపత్రంలో ఎలాగూ ఉంటుంది. ఆ ఊరిలో ఒక గదికి నెలకు ఎంత, నిరుడు చేరిన విద్యార్థులకు గది దొరకడానికి ఎన్ని వారాలు పట్టింది అన్నది ఉండదు. శాశ్వత నివాసపు సలహాదారు దగ్గర నమోదు నంబరు ఒక్కటే చాలదు. దరఖాస్తుపై ప్రతినిధిగా సంతకం చేసేది ఆ నంబరు గల మనిషేనా, తిరస్కరిస్తే ఎంత సొమ్ము వాపసు ఇస్తారు అన్నవి కాగితం మీద రాసి ఇవ్వమనాలి. నోటిమాటకు ధారాళంగా ఉన్న మనిషి కలం తీయగానే మెత్తబడితే, ఆ రోజు అక్కడ నేర్చుకోదగిన పాఠం దొరికినట్లే.

ఆ రోజు ఎక్కడా ఒక్క రూపాయి కట్టరాదు. అసలు పాస్‌పోర్టును ఎవరి చేతికీ ఇచ్చి రాకూడదు. అది భారత ప్రభుత్వపు ఆస్తి, ఏజెంటు దానిని తన దగ్గర ఉంచుకోవడం చెల్లదు. నకళ్ళు ఇవ్వవలసి వస్తే వాటిపై తేదీ, ఏ పనికి ఇచ్చారో రాసి ఇవ్వడం మంచి అలవాటు.

తిరిగి వచ్చిన తరువాత

ఫోను మరునాటి నుంచే మోగడం మొదలవుతుంది. కనీసం వారం రోజులు ఏ నిర్ణయమూ చెప్పకుండా ఉండడం సాధ్యమే. ‘ఇంటిలో మాట్లాడుకుంటున్నాం’ అన్న మాట ఎంతటి ప్రతినిధినైనా ఆపుతుంది. ఆ వారంలో లైసెన్సు నంబర్లు, రుసుములు, తేదీలు ఒక్కొక్కటిగా సరిచూడాలి. సందేహాలకు కేంద్ర ప్రభుత్వపు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 1800 11 3090 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు. తమిళనాడు ప్రభుత్వ సంస్థ అయిన ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్ 1978 నుంచి చెన్నైలో పనిచేస్తోంది. నర్సులు, సాంకేతిక నిపుణులు మొదలైనవారికి విదేశీ నియామకాలు అది నేరుగా చూస్తుంది. స్వస్థలం తెలంగాణలో ఉన్నవారికి టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారికి ఏపీఎన్ఆర్టీ సొసైటీ ఉన్నాయి.

అభ్యాసం

ఒక తెల్లకాగితాన్ని నిలువుగా మూడు గడులు చేయండి. మొదటి గడిలో వెళ్ళదలచిన దేశం, పని లేదా చదువు రాయండి. రెండు దేశాలకు మించి రాయవద్దు. రెండో గడిలో ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైటులో స్వయంగా చూసిన అంకెలు, చూసిన తేదీతో సహా రాయండి: వయసు పరిమితి, భాషా పరీక్షలో కావలసిన స్థాయి, వీసా రుసుము, బ్యాంకులో చూపవలసిన మొత్తం. మూడో గడిని ఇంటిలో వెనుక ఉండిపోయేవారికి ఇవ్వండి. వారి ప్రశ్నలు వారి చేతిరాతలోనే ఉండాలి. చేతిరాత అలవాటు లేనివారు చెబుతుంటే పిల్లలు రాయవచ్చు. ఆ మూడో గడి నిండిన తరువాత చెన్నై రైలుకు టికెట్లు తీయండి. ఆ ప్రశ్నలు వేసినవారికి కూడా ఒకటి.